కాకి గూట్లో పరాయి గుడ్లు

వేసవి వచ్చిందంటే తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు ఏ ఊళ్లోనైనా తెల్లవారకముందే కోయిల కూత మొదలవుతుంది. అయితే ఆ కూత విన్నవారిలో కోయిల గూడు చూశామని చెప్పగలవారు లేరు. అది గూడు కట్టదు గనుక.

కిందటి వేసవిలో మా పెరటి వేపచెట్టు మీద కాకి గూడు పెట్టింది. మేడ మెట్ల మీద నిలబడితే లోపలికి కనబడేది. నీలి పచ్చని గుడ్లు మూడు, వాటి పక్కన కాస్త చిన్నవి రెండు. బట్టలు ఆరవేయడానికి వెళ్లిన ప్రతివారినీ కాకి నెత్తిన తన్నుతుంటే, గడకర్రతో గూడు లాగేద్దామన్నారు మా ఇంట్లో ఒకరు. పరాయి గుడ్లు రెండూ తీసేస్తే చాలదా అన్నారు పిల్లలు. రెండు రోజులు ఆలోచించి, చివరకు దేనినీ ముట్టుకోలేదు.

మోసం ఇద్దరు కలిసి చేసేదే. ఎర్ర కళ్ల నల్లని మగ కోయిల గూటి దగ్గరకు వచ్చి కూస్తుంది. కాకులు దాన్ని తరుముకుంటూ పోతాయి. ఇంతలో గోధుమరంగు మీద తెల్ల చుక్కలున్న ఆడది గూట్లో దూరి గుడ్డు పెట్టేస్తుంది. కోయిల గుడ్డు 12 నుండి 14 రోజుల్లో పగులుతుంది. కాకి గుడ్డుకు 16, 17 రోజులు కావాలి. ముందు పుట్టినవాడికే ముందు ముద్ద! సంస్కృతంలో కోయిలకు పరభృతమని పేరు, ఇతరులు పెంచినదని అర్థం.

ఐరోపా కోకిల పిల్ల ఇంకా కఠినమైనది. కళ్లు తెరవకముందే తోటి గుడ్లను వీపు మీదికి ఎత్తి బయటకు తోసేస్తుంది. మశూచి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నరే 1788లో ఈ సంగతి వ్రాశాడు. మన కోయిల పిల్ల సాధారణంగా అలా తోయదు, కాకి పిల్లలతోపాటే పెరుగుతుంది.

యిర్మీయా 17వ అధ్యాయం 11వ వచనంలో తనవి కాని గుడ్లమీద కూర్చున్న కౌజుపిట్ట ప్రస్తావన ఉన్నది. అక్కడ ప్రవక్త మందలించినది అన్యాయార్జితం కూడబెట్టేవాణ్ణి. మన పల్లెల్లో బాతు గుడ్లను కోడి కింద పెట్టేది మాత్రం మనమే. 28 రోజులు ఓపికగా పొదిగిన ఆ తల్లి, పిల్లలు చెరువులో దిగగానే గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తుతూ అరవడం చూసినవారికి నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

మా చెట్టు మీద కోయిల పిల్లలు రెండూ ముందు పుట్టాయి. కాకి పిల్లలు తరువాత రెండే పుట్టాయి, మూడో గుడ్డు పగలలేదు. వారం తిరగకుండా వాటిలో బక్కది చనిపోయి కింద పడింది. పిల్లలు దాన్ని మల్లెపాదు పక్కన పాతిపెట్టి, "మనం ఆ గుడ్లు తీసేసి ఉంటే ఇది బ్రతికేది కదా?" అని అడిగారు. బహుశా బ్రతికేదే. అప్పుడు ఆ రెండూ ఉండేవి కావు అన్నాము గాని, ఆ జవాబు వారికి చాలలేదు. నిజానికి మాకూ చాలలేదు.

జూన్‌లో వాన పడిన మరునాడు ప్రహరీ గోడ మీద ఎగరడం వచ్చిన కోయిల పిల్ల ఒకటి నోరు తెరచి కూర్చున్నది. మన వంటింటి ముందు పడేసిన అన్నం మెతుకులు ఏరుకొచ్చి కాకి దాని నోట్లో పెడుతున్నది.