విశాఖలో మన కూరగాయల వ్యాపారం నిలవాలంటే?

పంట బాగా తీసినవాళ్లు కూడా అమ్మకంలో ఎందుకు దెబ్బతింటున్నారో ఈ వీడియోలో లెక్కతో చెప్పాను.

పెట్టుబడి: పొద్దున 900 తీసుకుని సాయంత్రం 1,000 కడితే, నెలకి 3,000 వడ్డీకే పోతుంది. వీధుల్లో అమ్మేవాళ్లు 2020లో వచ్చిన పీఎం స్వనిధి రుణం గురించి బ్యాంకులో అడగండి.

చోటు: రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. ఎంవీపీ కాలనీ లాంటి బజారులో గుర్తింపు కార్డుతో కూర్చుంటే దళారీ ఉండడు.

మిగులు: వంద కట్టల తోటకూర తెచ్చి డెబ్బై అమ్మితే, మిగిలిన ముప్పై ఖర్చూ ఆ డెబ్బై మీదే పడుతుంది. అందుకే నేను ముందురోజే వాడుక ఖాతాదారులకి ఫోన్ చేసి, కావలసినంతే కోస్తాను.

ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు కలపకండి. మీ కూలి కూడా ఖర్చులో రాయండి. అప్పుడే అసలు లాభం తెలుస్తుంది.