గోడ గట్టిదే... లీటరుకు మిగిలేదెంత?

పాలకేంద్రంలో మెషిన్ ఇచ్చే చీటీ వేలెడంత ఉంటుంది. లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్, రేటు... అంతే. దిగుమతి సుంకం ఊసు అందులో ఎక్కడా కనిపించదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచుతున్న రోజుల్లో, ఢిల్లీలో స్వామినాథన్ శతజయంతి సదస్సులో ప్రధాని మోదీ మాట్లాడుతూ రైతులు, పాడి రైతులు, మత్స్యకారుల ప్రయోజనాల విషయంలో రాజీ పడేది లేదన్నారు. ఆ వారమంతా టీవీ చర్చలు 'మాంసాహార ఆవుల పాలు' (మాంసం కలిసిన దాణా తినే ఆవుల పాలు) చుట్టూనే తిరిగాయి. వినడానికి రంజుగానే ఉన్నాయి కానీ, పాడి రైతు జేబు కొట్టేది ఆ పాలు కాదు, పాలపొడి.

పచ్చిపాలు సముద్రం దాటి రాలేవు. పొడి, వెన్న వస్తాయి. న్యూజిలాండ్ లాంటి దేశం తన పాలలో నూటికి తొంభై పాళ్లకు పైగా అమ్ముకునేది బయటి దేశాలకే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో గాట్ వాణిజ్య ఒప్పందంలో చేరినప్పుడు పాలపొడి మీద సుంకం వేయబోమని మనం మాటిచ్చాం. అప్పట్లో పొడి మనకు అవసరం. ఐరోపా పొడి చవకగా దిగడం మొదలయ్యాక మేలుకుని, మళ్లీ బేరమాడి, 2000లో 60 శాతం సుంకం తెచ్చుకున్నాం. ఏటా 10,000 టన్నులకు మాత్రం 15 శాతమే. వెన్న మీద 40 శాతం. 2019 నవంబరులో ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందం చర్చల నుంచి బయటికి రావడానికీ, ఆస్ట్రేలియా, బ్రిటన్ ఒప్పందాల్లో పాలను పక్కన పెట్టడానికీ ఒక ముఖ్య కారణం ఈ సుంకాల గోడను కాపాడుకోవడం. రెండు, మూడు పశువులు మేపుకునే మన రైతును వందల ఆవుల డెయిరీతో పోటీకి దించడం న్యాయం కాదు. గోడ ఉండాల్సిందే.

అయితే గోడ ఉన్నంత మాత్రాన గిట్టుబాటు రాదు. చలికాలంలో గేదెలు ఎక్కువగా ఈని ఉంటాయి కాబట్టి పాలు పొంగుతాయి. జనం తాగగా మిగిలినవాటిని డెయిరీలు వెన్నగా, పొడిగా మార్చి దాచుకుంటాయి. 100 లీటర్ల ఆవుపాల నుంచి సుమారు ఎనిమిదిన్నర కిలోల పొడి, మూడున్నర కిలోల నెయ్యి వస్తాయి. పొడి ధర కిలోకు 50 రూపాయలు పడిందనుకోండి, లీటరుకు 4 రూపాయలకు పైగా గల్లంతే. ఆ నష్టాన్ని డెయిరీ తన నెత్తిన వేసుకోదు. తర్వాతి బిల్లులో సేకరణ ధర తగ్గిపోతుంది. ఎందుకని అడిగితే 'పొడికి మార్కెట్ లేదండీ' అంటారు.

2018లో జరిగింది ఇదే. సుంకం ఎవరూ తగ్గించలేదు, విదేశీ పొడి ముంచెత్తనూ లేదు. నిల్వలు ఇంట్లోనే పేరుకుపోయాయి. బయట అమ్ముకుందామంటే ప్రపంచ మార్కెట్లో ధర లేదు. దాని వెనుక ఐరోపా మద్దతు ధర పుణ్యం కొంత ఉంది. 2015లో అక్కడ పాల కోటాలు ఎత్తేశారు. ధర పడిపోయింది. రైతును ఆదుకోవడానికి టన్ను పొడిని 1,698 యూరోలకు ఐరోపా యూనియనే కొని గోదాముల్లో పేర్చింది. 2017 నాటికి ఆ నిల్వ 3.5 లక్షల టన్నులు దాటింది. అంత సరుకు ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తుందని తెలిశాక, మంచి ధర పెట్టి కొనేదెవరు? అలా ఒకచోటి ఆసరా మరోచోట దెబ్బయింది. 2018 జులైలో మహారాష్ట్ర రైతులు పాలను రోడ్ల మీద పారబోశారు. లీటరుకు 25 రూపాయలు దక్కేలా చూస్తామని, 5 రూపాయల రాయితీ భరిస్తామని ప్రభుత్వం దిగివచ్చింది.

మద్దతు ధర ప్రకటించే 22 పంటల జాబితాలో పాలు లేవు, గుడ్డు లేదు, మాంసం లేదు. అందుకే కొన్ని రాష్ట్రాలు తమంత తాముగా లీటరు లెక్కన ప్రోత్సాహకం ఇస్తున్నాయి. కర్ణాటక 5 రూపాయలు ఇస్తూ వచ్చింది. తెలంగాణ 2014లో 4 రూపాయలతో మొదలుపెట్టింది. పొడి కిలోకు 50 పడితే ఊడ్చుకుపోయేదీ దాదాపు అంతే. పైగా తెలంగాణలో అది దక్కింది విజయ డెయిరీకి, తర్వాత చేర్చిన కొన్ని సహకార డెయిరీలకు పోసినవారికే. అదీ నెలల తరబడి బకాయి పడ్డ సందర్భాలున్నాయి.

కోళ్ల రైతుది మరో తిరకాసు. మొక్కజొన్నకు 2025-26లో క్వింటాలుకు 2,400 రూపాయల మద్దతు ధర ప్రకటించారు. దిగుమతి మీద 50 శాతం సుంకమూ ఉంది. మొక్కజొన్న రైతుకు రక్షణ అనిపించే ఈ రెండూ తణుకు వైపు లేయర్ ఫారాలకు దాణా ఖర్చు. ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీలూ ఆ గింజకే ఎగబడుతున్నాయి. గుడ్డు ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు మేతదే. గుడ్డు రేటు మాత్రం ఏ రోజుకారోజు జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ప్రకటించేదే. 2021లో సోయా చెక్క ధర మండిపోతే కేంద్రం 12 లక్షల టన్నుల దిగుమతికి తలుపు తీసింది. కోళ్ల రైతులు ఊపిరి పీల్చుకున్నారు, సోయా రైతులు భగ్గుమన్నారు. ఇద్దరూ రైతులే. ఇందులో ఒకరిదే న్యాయమని నేను చెప్పలేను.

తలుపు తీయమని మనల్ని ఒత్తిడి చేసే అమెరికా తన పాడి రైతును మార్కెట్‌కే వదిలేయలేదు. 2018 ఫార్మ్ బిల్లుతో వచ్చిన పథకం అక్కడ పాల ధరను విడిగా చూడదు. పాల ధరలో దాణా ఖర్చు పోను మిగిలేదెంతో చూస్తుంది. రైతు ప్రీమియం కడతాడు. 100 పౌండ్ల పాల మీద మిగులు తాను ఎంచుకున్న మెట్టు కన్నా (గరిష్ఠంగా 9.50 డాలర్లు) తగ్గితే ఆ తేడా చేతికొస్తుంది. పాల ధర నిలకడగా ఉన్నా, చెక్కా తౌడూ పిరమైనప్పుడు మునిగిపోయే మన రైతుకూ కావాల్సింది ఇలాంటి లెక్కే.

దాన్ని ఇక్కడ అమలు చేయడం తేలిక కాదు. డెయిరీ రికార్డులే ఆధారమంటే హోటళ్లకు, ఇళ్లకు, దళారులకు పోసేవాళ్లు బయటే మిగిలిపోతారు. పశువు చెవికి 12 అంకెల ట్యాగు వేస్తున్నారు కదా, దాన్ని బట్టి ఇవ్వొచ్చు. ట్యాగు పాలు కొలవదన్నది నిజమే. కాకపోతే వట్టిపోయిన గేదె కూడా దానివల్ల లెక్కలోకి వస్తుంది. చూడితో ఉండి చుక్క పాలివ్వని ఆ నెలల్లోనూ అది మేయాల్సిందే. లీటరుకు ఇంతని ఇచ్చే ఏ ప్రోత్సాహకమూ ఆ ఖర్చును ఇప్పటిదాకా పట్టించుకోలేదు.