ఓడలెక్కి వచ్చిన వేల్పులు

హిందూమహాసముద్రమున, మడగాస్కరు దీవికి తూర్పున, ఇంచుమించు 2,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల మారిషసు దేశమునకు ఆదిమవాసు లనువారు లేరు. 1638లో డచ్చివారు వచ్చి నిలుచువఱకు అచ్చట స్థిరనివాస మేర్పఱచుకొన్న మానవుడే లేడు. కావున నేడు ఆ నేలపై పూజలందుకొనుచున్న వేల్పులందఱును తమ భక్తులతోపాటు ఓడలెక్కి వచ్చినవారే. పిదప వచ్చిన ఫ్రెంచివారితో కాథలిక్కు మతము వచ్చెను. మడగాస్కరునుండియు ఆఫ్రికా తీరమునుండియు వారు కొనితెచ్చిన బానిసలకు సయితము ఆ మతమే సంక్రమించెను. 1810లో దీవి ఆంగ్లేయుల వశమైన పిమ్మట, 1835లో బానిసత్వము రద్దు కానుండగా, చెఱకుతోటలకు పనివారు కావలసి, 1834 మొదలు 1920 ప్రాంతము వఱకు దాదాపు 5 లక్షలమంది భారతీయులను ఒడంబడికకూలీలుగా పోర్టులూయీ రేవున దింపిరి. గుజరాతీ వర్తకులును చీనావారును తమంత తామే వచ్చిరి.

ఇప్పటి పన్నెండున్నర లక్షల జనాభాలో సగమునకు కొంచెము తక్కువగా హిందువులు, మూడవవంతు క్రైస్తవులు, ఆఱవవంతునకు మించి మహమ్మదీయులు. హిందువు లన్నమాటయేగాని వారొక్క తెగవారు కారు. భోజపురీ సీమవారికిని, తమిళులకును, తెలుగువారికిని, మరాఠీలకును దేవాలయములు వేఱు, సమాఖ్యలు వేఱు.

దీవి నడిమి మెట్టభూమిలో, అగ్నిపర్వతబిలమున నేర్పడిన సరస్సొకటి కలదు. 1898లో త్రియోలె గ్రామమునుండి కొందఱు భక్తులు కాలినడకను అచ్చటికి పోయి, నీరు ముంచితెచ్చి, శివునకు అభిషేకము చేసిరి. 1972లో భారతదేశమునుండి గంగాజలమును తెప్పించి ఆ సరస్సున కలిపిరి. నాటినుండి అది గంగాతలావు. స్థలపురాణము పుట్టుటకు యుగములు గడవవలెనని తలచు మనకు ఇది వింతగా తోచవచ్చును. శివరాత్రికి లక్షలాది జనులు తెల్లని వస్త్రములు ధరించి, వెదురుబద్దలతో కట్టి, అద్దములును రంగుకాగితములును పొదిగిన కావడులను భుజములపై మోయుచు, దినములకొలది నడచి ఆ తీర్థమును చేరుదురు. వారికి దారిపొడుగున ఫలపానీయము లందించువారిలో అన్యమతస్థులును కనబడుదురు.

క్రైస్తవుల యాత్ర సెప్టెంబరులో. వైద్యవృత్తి విడిచి మతగురువై, 1841లో ఫ్రాన్సునుండి వచ్చి, విముక్తులైన బానిసల నడుమ జీవితమును గడపిన జాక్ దెజిరె లావాల్ 1864 సెప్టెంబరు 9వ తేదీన మరణించెను. ఏటేటను ఆ వర్ధంతికి ముందటి రాత్రి సెంట్‌క్రవాలోని యాయన సమాధికి జనులు నడచిపోవుదురు. రోగము కుదుర్చుమని మ్రొక్కు చెల్లించుకొనువారిలో హిందువులును మహమ్మదీయులును ఉందురు. 1979లో పోపు రెండవ జాన్ పాల్ ఆయనను ధన్యునిగా ప్రకటించుటకు ఎంతో ముందే ఆ దీవివారు ఆయనను తమవానిగా జేసికొనిరి.

ఇక మనవారు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కిన కారణమున వీరికి అచ్చట కోరింగీలను పేరు పడెను. సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు వారి యిండ్లలో నేటికిని నిలిచియున్నవి. రామభజన నాడు నడుమ నిలువు దీపము వెలిగించి, స్త్రీపురుషులు దాని చుట్టును తిరుగుచు, అడుగులు వేయుచు పాడుదురు. దినమెల్ల క్రియోలు భాష మాటలాడు నోళ్లు ఆ దీపము చుట్టు మాత్రము తెలుగు పలుకును. ఉగాది అచ్చట ప్రభుత్వపు సెలవుదినము. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలును ఆ దేశముననే జరిగినవి.

సామరస్యమును కొనియాడువారు సాధారణముగా ఇంతటితో ఆగుదురు. కాని ఆ దేశమున వంతుల లెక్క మిక్కిలి నిక్కచ్చిగా నడచును. పండుగ సెలవులు మతమువారీగా పంచబడినవి. మతసంస్థలకు ప్రభుత్వము ధనసహాయ మిచ్చుచున్నది. 1968లో స్వాతంత్ర్యముతోపాటు వచ్చిన రాజ్యాంగము జనులను హిందువులు, మహమ్మదీయులు, చీనావారు, మిగిలినవారు అని నాలుగు వర్గములుగా విభజించెను. శాసనసభలో ఏ వర్గమునకైనను తగినంత చోటు దక్కనిచో, ఎన్నికలలో ఓడినవారినుండియే కొందఱిని ఎంచి, 8 స్థానములకు మించకుండ కట్టబెట్టుదురు. జనాభాలెక్కలలో వర్గమును అడుగుట 1972 తరువాత మానిరి. అయినను ఆ స్థానములను పంచుటకు 1972 నాటి అంకెలే ఆధారము. అభ్యర్థి తన వర్గమును నామినేషను పత్రమున వ్రాయకున్న ఆ పత్రము చెల్లదు. ఈ నిర్బంధమును 2012లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘము తప్పుపట్టగా, 2014 ఎన్నికలకు మాత్రము ప్రభుత్వము దానిని సడలించెను.