ఉప్పుగాలిలో చిన్న కారు సరదా

కవిటి: ఉద్దానంలో కారు కొనడం ఇప్పుడు పెద్ద విశేషం కాదు. కంచిలి దగ్గర పెద్ద రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడితే రకరకాల కార్లు కళ్ల ముందు నుంచి పోతాయి. ఎవరూ తల తిప్పి చూడరు. అదే రెండే సీట్లుండి, నేలను రాసుకుంటున్నట్లు పోయే టాపులేని చిన్న స్పోర్ట్స్ కారు ఒకటి కవిటి రోడ్డులోకి తిరిగిందనుకోండి. టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోతాయి. ‘ఇందులో ఎంతమంది పడతారు బాబూ?’ అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. ‘లీటరుకు ఎంతిస్తుంది?’ అన్నది రెండోది. ‘మరి కొబ్బరి బస్తా ఎక్కడ వేస్తారు?’ అన్నది మూడోది. ఈ మూడింటికీ ఏ స్పోర్ట్స్ కారు యజమాని దగ్గరా సరైన జవాబు ఉండదు. అయినా ముఖంలో నవ్వు తగ్గదు.

ఆ నవ్వు వెనక ఉన్న చాకిరీ బయటివారికి కనిపించదు. ఆ చాకిరీయే అసలు సరదా అని ఆ మోజు ఉన్నవారు అంటారు. ఉద్దానంలో ఆ చాకిరీ రెండింతలు. ఇక్కడ సముద్రం దగ్గర, గాలిలో ఉప్పు.

మన దేశంలో ఇటువంటి కార్లు తయారైనవి బహు తక్కువ. 1990ల చివర గోవాలో మొదలైన శాన్ స్టార్మ్ ఒకటి చెప్పుకోవాలి. రెండు సీట్లు, 1149 సీసీ రెనో ఇంజను, ఒళ్లంతా ఫైబరు. ఇద్దివానిపాలెం లాంటి మత్స్యకార గ్రామాల్లో ఇసుక మీదకు లాగిన పడవలు చూడండి, వాటిలోనూ ఫైబరువి ఉంటాయి. పడవ చిల్లికి అతుకు వేసే చెయ్యి ఆ కారు ఒంటికీ అతుకు వేయగలదు. పైన తుప్పు బెడద లేదు. కింద ఛాసిస్ మాత్రం ఇనుమే.

మద్రాసులో పుట్టిన చుట్టం

అంతకు ముందు తరం వారికి స్పోర్ట్స్ కారుకు దగ్గరి చుట్టం ఒకటి మద్రాసులోనే పుట్టింది. దాని పేరు స్టాండర్డ్ హెరాల్డ్. 1959లో బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చిన ఈ కారును 1961 నుంచి మద్రాసు శివార్లలోని స్టాండర్డ్ మోటార్ ఫ్యాక్టరీ మన దేశంలో తయారు చేసింది. రూపం గీసింది ఇటలీ దేశస్థుడు మిచెలోటి. అంబాసిడర్లు, ఫియట్లు మాత్రమే తిరిగే రోడ్ల మీద ఇది పెళ్లివారింట కొత్త అల్లుడిలా కనిపించేది. 1970ల మొదట్లో దీని స్థానంలో గజెల్ వచ్చింది. 1985లో తెచ్చిన స్టాండర్డ్ 2000 నిలబడలేదు. 1980ల చివరకు కార్ల తయారీయే ఆగిపోయింది.

చుట్టరికం ఎక్కడంటే, ట్రయంఫ్ కంపెనీ 1962లో హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి, దాని మీద రెండు సీట్ల ఒళ్లు పెట్టి ‘స్పిట్‌ఫైర్’ అనే స్పోర్ట్స్ కారుగా అమ్మింది. దాన్నీ మిచెలోటే గీశాడు. 1980 దాకా మూడు లక్షలకు పైగా తయారైంది. ముందు చక్రాల అమరిక, స్టీరింగ్, వెనక అడ్డంగా ఉండే బద్దల స్ప్రింగు రెంటికీ ఒకే తరహా. కనుక ఇంట్లో హెరాల్డ్ ఉన్నవారికి సగం స్పిట్‌ఫైర్ ఉన్నట్లే. మిగతా సగం ఇంజనులో ఉంది. హెరాల్డ్‌ది 948 సీసీ, 35 గుర్రాల శక్తి. మొదటి స్పిట్‌ఫైర్‌ది 1147 సీసీ, 63 గుర్రాలు. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు విమానాల బాట మీద జరిగిన పందేల్లో హెరాల్డ్‌లు ఫియట్లతో పోటీపడి పరుగెత్తాయి.

ఈ కారు బోనెట్టు ఎత్తడం చూడాల్సిన ముచ్చట. బోనెట్టుతోపాటు రెండు మడ్‌గార్డులు, దీపాలు కలిపి కారు ముక్కు మొత్తం ముందుకు వాలిపోతుంది. ఇంజను, ముందు చక్రాలు, స్టీరింగ్ అన్నీ బయటపడతాయి. ముందు టైరు మీద పీటేసుకున్నట్లు కూర్చుని, చేతికి అందే దూరంలో పని చేసుకోవచ్చు. నేటి కార్ల బోనెట్టు ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, దాని కింద ఏముందో కంప్యూటరు చెప్పాలి. ఇక్కడ చెప్పేది చెవి, ముక్కు, వేలి కొస. ఇంజనులో టకటకమంటే వాల్వుల సందు చూసుకోవాలి. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 10 భాగాల సందు ఉండాలి, అదీ ఇంజను చల్లగా ఉన్నప్పుడు. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల మధ్య 15 భాగాలు. ఒక ఫీలర్ గేజి, రెండు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవర్, ఆదివారం ఉదయం ఒక గంట ఉంటే ఈ పని అవుతుంది. అంతవరకు తుమ్ముతూ దగ్గుతూ ఉన్న బండి సెల్ఫు కొట్టగానే సాఫీగా అందుకుంటే కలిగే తృప్తి షోరూం వారు అమ్మలేరు.

నడపడంలో ఇంకో సుఖం ఉంది. సుమారు 25 అడుగుల్లోనే గుండ్రంగా తిరిగిపోతుంది. రాజపురం, బొరివంక వైపు తోటల మధ్య సన్నటి రోడ్డులో ఎదురుగా కొబ్బరి పీచు లారీ వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. నేలకు దగ్గరగా కూర్చుంటాం కనుక గంటకు 50 కిలోమీటర్ల వేగం 90లా అనిపిస్తుంది. చలాను భయం లేకుండా వేగం అనుభవించడం అంటే ఇదే! ఒక్క జాగ్రత్త మాత్రం మరవరాదు. వెనక చక్రాలు ఇరుసుతోపాటు రెక్కల్లా పైకీ కిందికీ ఊగే రకం ఇది. మలుపులో వేగంగా పోతూ ఆవు అడ్డం వచ్చిందని ఆక్సిలరేటర్ మీద కాలు ఒక్కసారిగా తీస్తే వెనక చక్రం లోపలికి ముడుచుకుని బండి అదుపు తప్పవచ్చు. మలుపు ముందే వేగం తగ్గించుకోవాలి. ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద మరీనూ.

ఉప్పుతో పోరు

హెరాల్డ్, స్పిట్‌ఫైర్ రెండూ బ్రిటన్‌లోనే తుప్పుకు పేరుపడ్డ కార్లు. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మనకు ఏ ఖర్చూ లేకుండా సముద్రమే చల్లుతోంది. గాలితో వచ్చిన ఉప్పు ఇనుము మీద పేరుకుంటే వాన లేని రోజున కూడా గాలిలోని తేమను లాగి పట్టుకుంటుంది. దానికి మన ఇసుక తోడు. ఛాసిస్ నుంచి పక్కలకు చాచిన చేతుల్లోనూ, తలుపుల అడుగునా, డిక్కీ నేలలోనూ తుప్పు మొదట చేరుతుంది.

చాలామంది చేసే పొరపాటు బండికి తార్పాలిన్ బిగించి కట్టేయడం. లోపలి తేమ బయటికి పోదు. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, కింద ఇనుము పొరలు పొరలుగా రాలుతుంది. కొబ్బరి కమ్మల పాక అంతకన్నా నయం, గాలి ఆడుతుంది. అయితే మట్టి నేల మీద నిలపరాదు, నేలలోంచి చెమ్మ పైకొస్తుంది. సిమెంటు గచ్చు లేకపోతే కనీసం ఇటుకలు పరవాలి. ఎంత నీడ బాగున్నా కొబ్బరి చెట్టు కింద పెట్టరాదు. కారణం ఉద్దానం వారికి చెప్పక్కర్లేదు! బారువ తీరానికి షికారు వెళ్లి వచ్చిన రోజే మంచినీళ్లతో కింది భాగం కడగాలి. తలుపుల అడుగున నీరు పోయే చిన్న రంధ్రాల్లో ఇసుక మూసుకుపోతే పుల్లతో తీయాలి. పది నిమిషాల పని. ఇది చేయనందుకు తలుపు మార్చుకోవాల్సి వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ముందు చక్రం తిరిగే చోట అడుగున ట్రనియన్ అనే ఇత్తడి తరహా ముక్క ఉంటుంది, దాని మరల్లో చక్రాన్ని మోసే ఉక్కు కడ్డీ తిరుగుతుంది. అక్కడ పోయాల్సింది 90 నంబరు గేర్ ఆయిలు. చాలా గ్యారేజీల్లో అలవాటు కొద్దీ గ్రీజు గన్ను పెట్టి గ్రీజు కొడతారు. గ్రీజు లోపల గట్టిపడి దారి మూసేస్తుంది. నూనె చేరని మరల్లోకి ఉప్పునీరు చేరుతుంది. కడ్డీ లోలోపల తుప్పుపట్టి ఒకనాడు తెగుతుంది, చక్రం పక్కకు పడిపోతుంది. ఇంటి దగ్గర నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు తెగితే అదృష్టం. జాతీయ రహదారి మీద లారీల మధ్య తెగితే అది ప్రాణం మీదికొచ్చే సంగతి. ఈ పని ఎవరికి అప్పగించినా పక్కన నిలబడి చూసుకోవాలి. నెలకోసారి నూనె పోస్తే మనకు నిశ్చింత.

ఇక పెట్రోలు సంగతి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో పోయింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలు, పంపులోని పొర దీనికి ఉబ్బి చీలుతాయి. పైగా ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. ట్యాంకు నింపి నెలల తరబడి వదిలేస్తే లోపల తుప్పు పుడుతుంది, ఆ తుప్పు కార్బురేటర్‌లోకి వస్తుంది. గొట్టాలు ఇథనాల్‌కు ఆగే రకానివి వేయించుకుని, వారానికోసారైనా బండి నడపడమే దీనికి మందు. ఇంజను వేడెక్కేదాకా పది, పదిహేను కిలోమీటర్లు తిప్పాలి. షెడ్డులోనే అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే మేలు కన్నా కీడు ఎక్కువ. సైలెన్సరులో చేరిన తడి ఆరదు.

జీడిపిక్కకు బ్రేకుకు సంబంధం

ఈ కార్ల ముచ్చటలో మన ప్రాంతపు వాటా కొంత ఉందని చాలామందికి తెలియదు. పలాస జీడి కార్ఖానాల్లో పిక్క కొట్టి పప్పు తీశాక మిగిలే తొక్క నుంచి నూనె వస్తుంది. చేతికంటితే బొబ్బలెక్కే ఆ నూనెనుంచి చేసిన పొడిని బ్రేకు లైనింగుల్లో, క్లచ్ పలకల్లో కలుపుతారు. ఎంత వేడికీ బ్రేకు పట్టు సడలకుండా ఉండటానికి ఇది తోడ్పడుతుంది. అలాగే రబ్బరు పట్టించిన కొబ్బరి పీచును పూర్వం కార్ల సీట్లలో పరుపుగా వాడేవారు. జర్మనీ బీటిల్ కార్ల సీట్లు విప్పితే పీచు కనిపించేది. పాత కారు సీటు కుంగిపోతే ఉద్దానంలో పీచు కోసం వెతుక్కోవాలా?

విడిభాగాలకు మాత్రం వెతుక్కోవాల్సిందే. బ్రేకు గొట్టాలు, బేరింగులు, బుష్‌ల వంటివి కొలత పట్టుకుని పలాసలోనో, ఇచ్ఛాపురం దాటి బరంపురంలోనో అడిగితే సరిపోయేవి దొరకవచ్చు. మిగతా వాటికి చెన్నై పుదుప్పేట పాత సామాను బజారు ఉండనే ఉంది. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ భాగాలు బ్రిటన్‌లో ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. ఖర్చు, కస్టమ్సు కలిపి లెక్క చూసుకోవాలి. లేతు పనివాడి చేత బుష్ చేయించుకోవచ్చు గాని ట్రనియన్ జోలికి మాత్రం పోవద్దు.

అసలు కొరత మనుషులది. కార్బురేటర్ విప్పి, చెవితో విని సరిచేసే మెకానిక్‌లు పెద్దవారైపోతున్నారు. కుర్రవాళ్లు నేర్చుకోవడానికి ఊళ్లో కార్బురేటర్ కార్లు లేవు. ఉన్న ఒకటి రెండు పాత బండ్లు ఇనుప సామాను వాడి తూకంలోకి పోతే ఆ పనీ పోతుంది. హెరాల్డ్ బరువు సుమారు 800 కిలోలు. అద్దాలు, రబ్బరు తీసేసి ఇనుము ధర లెక్కవేస్తే చేతికి వచ్చేది ఎంతో ఎవరికి వారే చూసుకోవచ్చు.

కాగితాల చిక్కు

తోటలో పాత బండి ఉన్నవారు ముందు చేయాల్సింది రిజిస్ట్రేషన్ పుస్తకం వెతకడం. కారుకు 15 ఏళ్లు దాటాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. దీని రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. 2021 జులైలో కేంద్రం ఇంకో దారి తెరిచింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని ‘వింటేజ్’ కింద నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత మళ్లీ 5,000.

వినడానికి బాగుంది. చిక్కు ఏమిటంటే, అలా నమోదైన బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పరాదు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలు పోయించుకోవడానికో తీయవచ్చు. సోంపేట వెళ్లి మందులు తెచ్చుకోవడానికి వీల్లేదు. వారం వారం నడపకపోతే చెడిపోయే బండిని గాజు పెట్టెలో పెట్టమన్నట్లుంది ఈ ఏర్పాటు. ప్రదర్శనలకు తిప్పేవారికి ఇది సరిపోవచ్చు. కవిటి నుంచి బారువ దాకా గాలి పోసుకుంటూ పోవాలనుకునేవారికి పాత పద్ధతిలో పొడిగించుకోవడమే మేలు. అయిదేళ్లకు 10,000 అంటే ఏడాదికి 2,000. పొడిగింపునకు బండి తనిఖీలో నెగ్గాలి కనుక బ్రేకులు, దీపాలు, స్టీరింగు ఎలాగూ చూసుకోవాల్సిందే.

ఇలాంటి బండి కొనదలచినవారు జేబులో ఒక అయస్కాంతం వేసుకుని వెళ్లాలి. పైన నున్నగా ఉన్నచోట అది అంటుకోకపోతే లోపల ఇనుము పోయి పుట్టీ మిగిలిందన్నమాట. తర్వాత జాకీ ఎత్తి ఛాసిస్ పక్క చేతులను స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాలి. మొన దిగిందంటే బేరం ఆపడమే. ఇంజను పాడైతే బాగుచేసుకోవచ్చు, ఛాసిస్ పుచ్చితే కష్టం. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో షెడ్లు ఎగిరిపోయి, చెట్ల కింద, నీళ్లలో నిలిచిన బండ్లయితే మరింత పట్టి చూడాలి. చూడటానికి ఎండాకాలంలో కాక వాన పడుతున్నప్పుడు వెళ్లడం మంచిది. అరగంట లోపల కూర్చుని కాళ్ల కింది పట్టా ఎత్తి చూస్తే నీరు ఎక్కడినుంచి దిగుతోందో తెలిసిపోతుంది.