పేరు అదే, అడ్రసు మారింది: కొత్త వెబ్‌సైటు మనకెందుకు ఆలస్యంగా కనిపిస్తుంది?

ఏదైనా వెబ్‌సైటు కొత్త సర్వర్‌కు మారిందంటే హాస్టల్లో ఒకటే గొడవ. ఒకరి ఫోన్లో కొత్త పేజీ వస్తుంది, పక్క ట్రంకుపెట్టె వాడి ఫోన్లో పాతదే వస్తుంది. హైదరాబాదులో ఉన్న పూర్వ విద్యార్థి "నాకు బాగానే వస్తోందిరా" అంటాడు, జాలరిపేటలో ఉన్న మనకు రాదు. అడిగితే "మార్పు ఇంకా నెట్ అంతా పాకలేదు, రెండు రోజులు ఆగండి" అంటారు. స్కాలర్‌షిప్ ఆఖరి తేదీ నెత్తి మీద ఉన్నప్పుడు రెండు రోజులంటే మాటలా? అసలు ఈ "పాకడం" అనే మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోందని మా అభిప్రాయం.

నెట్‌లో ప్రతి సర్వర్‌కూ ఐపీ అడ్రసు అనే అంకెల గుర్తు ఉంటుంది. మనం కొట్టే పేరుకు ఏ అంకెలో చెప్పే ఏర్పాటే డీఎన్ఎస్. తొలిరోజుల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఒకే ఒక జాబితా ఉండేది, అందరూ దాన్నే కాపీ చేసుకునేవారు. కంప్యూటర్లు పెరిగేసరికి అది సాగలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ గారు డీఎన్ఎస్‌ను రూపొందించారు. అప్పటినుంచి ఎవరి పేరుకు వారే రిజిస్టరు నిర్వహించుకుంటారు. మన సిమ్ కంపెనీ సర్వర్ అవసరమైనప్పుడు ఆ రిజిస్టరును అడిగి, జవాబును కొంతకాలం తన దగ్గర దాచుకుంటుంది. ఎంతకాలమన్నది ఆ జవాబులోనే సెకన్లలో ఉంటుంది. దాన్ని టీటీఎల్ అంటారు. 3600 అంటే గంట, 86400 అంటే ఒక రోజు.

పేట పిల్లలకు ఇది కొత్త సంగతేమీ కాదు. చేపలు ఎక్కడ దొరకవచ్చో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వారు చెప్పే సమాచారానికి గడువు తేదీ ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుని వేటకు పోయాక, ఒడ్డున కొత్త సమాచారం వచ్చినంత మాత్రాన జేబులో కాగితం మారదు కదా! గడువు తీరాక మళ్ళీ అడిగి తెలుసుకోవాల్సిందే. డీఎన్ఎస్‌లోనూ అంతే. కొత్త అడ్రసును ఎవరూ ఇంటింటికీ తిరిగి చెప్పరు, పాత కాపీలకు గడువు తీరుతుంది.

టీటీఎల్ ఒక రోజు అనుకుందాం. ఉదయం 10 గంటలకు అడ్రసు మార్చారు. ఒక కంపెనీ సర్వర్ 9.55కి అడిగి ఉంటే మర్నాడు 9.55 దాకా పాతదే చెబుతుంది. ఇంకో కంపెనీ కాపీకి 10.05కి గడువు తీరితే వెంటనే కొత్తది తెచ్చుకుంటుంది. మన గదిలో తగాదాకు ఇదీ కారణం. ఇక ఆ "రెండు రోజుల" మాటకూ ఆధారముంది. డాట్ కామ్ పేర్లకు రిజిస్టరు ఏ సర్వర్లో ఉందో పైనున్నవారు చెప్పే జవాబుకు గడువు 172800 సెకన్లు, అంటే సరిగ్గా 48 గంటలు. రిజిస్టరునే వేరే చోటికి మార్చినప్పుడు అంత ఆలస్యం కావచ్చు. ఒక్క అడ్రసు మారిస్తే ఆ రికార్డు టీటీఎల్ ఎంతో అంతే.

మరి చూసుకోవడం ఎలా? విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ అని ఇంగ్లీషులో కొట్టి, సైటు పేరు, పక్కన ఎవరిని అడగాలో ఆ సర్వర్ ఇవ్వాలి. మొదట అసలు రిజిస్టరునే అడగాలి. ఆ సర్వర్ల పేర్లు ఎన్ఎస్ రికార్డులో ఉంటాయి. అక్కడే పాత అడ్రసు ఉంటే మార్పు జరగలేదన్నమాట, ఎన్ని రోజులు ఆగినా దండగే. అక్కడ కొత్తది ఉంటే గూగుల్ వారి 8.8.8.8ను (2009లో మొదలైంది), క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1ను (2018లో వచ్చింది), చివరగా మన నెట్ కంపెనీ సర్వర్‌ను అడగాలి. ప్రపంచ పటం మీద పచ్చటి టిక్కులు చూపే సైట్లూ ఉన్నాయి. అవి తాము అడిగిన కొన్ని సర్వర్ల సంగతే చెబుతాయి సుమా! టిక్కులన్నీ పచ్చగా ఉన్నా మన నెట్ సెంటర్లో పాతదే రావచ్చు. అప్పుడు ఐపీకాన్ఫిగ్ ఫ్లష్‌డీఎన్ఎస్ కమాండుతో ఆ కంప్యూటర్ దాచుకున్న కాపీని చెరిపి చూడాలి, బ్రౌజర్ మూసి తెరవాలి.

అసలు ప్రమాదం పేజీ కనిపించకపోవడం కాదు, పాత పేజీ చక్కగా కనిపించడం. పాత సర్వర్‌లో ఫారం తెరిచే ఉంటే మనం నింపిన దరఖాస్తు అక్కడే ఉండిపోతుంది, కొత్త సర్వర్‌లో మన పేరే ఉండదు. అందుకే తెలిసినవారు ముందుగానే టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గిస్తారు, పాత గడువు పూర్తిగా తీరాకే అడ్రసు మారుస్తారు, పాత సర్వర్‌లో ఫారం మూసి నోటీసు పెడతారు. మన వంతుగా దరఖాస్తు నంబరు రాసుకుని, మర్నాడు వేరే కంపెనీ నెట్‌తో తెరిచి మన వివరాలున్నాయో లేదో చూసుకోవాలి.

పేరే మారితే మాత్రం ఈ పరీక్షలేవీ పనికిరావు. ఉమ్మడి రాష్ట్రంలో మన స్కాలర్‌షిప్పులు ఈపాస్‌లో ఉండేవి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు తెలంగాణ ఈపాస్, మనకు జ్ఞానభూమి వచ్చాయి. అలాంటప్పుడు కొత్త పేరు ఏమిటో వార్డెన్ గారినో కాలేజీ ఆఫీసునో అడిగి తెలుసుకోవాలి. ఇంకొక్క మాట. సైటు ప్రారంభం కాకముందే పేరు కొట్టి చూస్తూ ఉంటే "అలాంటి పేరు లేదు" అనే జవాబును కూడా సర్వర్లు కాసేపు దాచుకుంటాయి. ఆత్రపడి పదిసార్లు కొట్టినవాడికే సైటు అందరికన్నా ఆలస్యంగా తెరుచుకోవచ్చు.