బరువైన బైకుకు రివర్స్ గేరు

రెండొందల కిలోలలోపు బైకును కాళ్లతో నెట్టుకుంటూ వెనక్కి జరపొచ్చు. హోండా గోల్డ్‌వింగ్ టూర్ బరువు సుమారు 390 కిలోలు. ముందుచక్రం పల్లంవైపు దిగి ఆగితే ఒంటరి మనిషి దాన్ని వెనక్కి లాగడం దాదాపు అసాధ్యం. అందుకే 1988లో వచ్చిన ఆరు సిలిండర్ల గోల్డ్‌వింగ్ జీఎల్ 1500 మోడల్‌లో హోండా రివర్స్ ఏర్పాటు చేసింది.

ఇది నిజానికి గేరుపెట్టెలోని మరో గేరు కాదు. ఇంజిన్ నడుస్తుండగా బండిని న్యూట్రల్‌లో ఉంచి, పక్కనున్న లివర్ లాగి, స్టార్టర్ బటన్ నొక్కితే స్టార్టర్ మోటారే వెనక చక్రాన్ని వెనక్కి తిప్పుతుంది. బటన్ వదిలితే ఆగిపోతుంది. సులువైన, చక్కటి ఆలోచన! బీఎండబ్ల్యూ కె 1600 బైకుల్లోనూ స్టార్టర్ మోటారుదే ఈ పని. కొత్త డీసీటీ (డ్యూయల్ క్లచ్ ట్రాన్స్‌మిషన్) గోల్డ్‌వింగ్‌లో మాత్రం ఇంజిన్ శక్తితోనే వెనక్కి నడుస్తుంది. వేగం గంటకు 1.2 కిలోమీటర్లే.

వేగం తక్కువైనా బరువు తగ్గదు. హ్యాండిల్ పక్కకు తిరిగి ఉన్నా, కాలికింద కంకర జారినా బండి ఒరిగిపోతుంది. కనుక రివర్స్ వేసేముందు వెనక్కి చూసుకుని, హ్యాండిల్ వీలైనంత తిన్నగా ఉంచి, రెండు పాదాలూ నేలకు ఆనించండి. బ్రేకు మీంచి చెయ్యి తీయకండి.