కొండ లేని అగ్నిపర్వతం

ఆదిలాబాద్ పడమటి మండలాల్లో నల్లరేగడి కింద తగిలే గట్టి నల్లరాయి ఒకప్పుడు ఎర్రగా మరుగుతూ పారిన లావా. చల్లారి గడ్డకట్టిన ఆ రాయినే బసాల్ట్ అంటారు. దక్కన్ ట్రాప్స్‌గా పేరుపడిన లావా పీఠభూమికి ఇది తూర్పు అంచు. కోతకు గురై పోయింది పోగా మిగిలిందే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో సింహభాగం మహారాష్ట్రది. పశ్చిమ కనుమల్లో కిలోమీటరుకు మించిన మందం తూర్పుకు వచ్చేకొద్దీ పలచబడుతుంది.

గోదావరి దాటి కరీంనగర్‌లోకి వస్తే రాయి మారిపోతుంది. ఎలగందుల కోట నిలిచిన గుట్ట గ్రానైట్‌ది, చుట్టూ ఎర్ర చెల్కలు. అక్కడ గ్రానైట్‌ను చీల్చుకుని కనిపించే నల్లరాతి గోడల్లాంటి డైకులను చూసి దక్కన్ లావా అనుకోవద్దు. వాటిలో కొన్ని రెండు వందల కోట్ల ఏళ్లు దాటినవి. బెల్లంపల్లి, రామగుండం బొగ్గు పొరలు కూడా ఈ లావాకన్నా ఎంతో పాతవి.

ఈ లావాను కక్కిన శిఖరం ఏదని వెతకడం దండగ. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, భారత భూభాగం ఇంకా ఆసియాను తాకకముందు, ఉత్తరంగా జరుగుతూ, ఇప్పుడు రీయూనియన్ ద్వీపం కింద ఉన్న ఉష్ణకేంద్రం మీదుగా వచ్చింది. భూమి పొర పొడవాటి పగుళ్లిచ్చింది, లావా ఆ పగుళ్లలోంచే ఎగదన్నింది. సిలికా తక్కువ గనుక పలచగా, దూరదూరాలకు పారింది. రాజమండ్రి దగ్గరి బసాల్ట్ పాత నదీ లోయలను పట్టుకుని దాదాపు వెయ్యి కిలోమీటర్లు వచ్చిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అంచనా. మందంగా నిలిచిన చోట లావా చల్లారుతూ కుంచించుకుని ఆరు పలకల స్తంభాలుగా చీలింది. ఆదిలాబాద్‌కు పొరుగున యవత్‌మాల్ జిల్లా శిబ్లాలో రోడ్డు పనుల్లో బయటపడ్డవి ఇవే.

పది లక్షల ఏళ్లకు అటూఇటూగా సాగిన ఈ ఉద్గారాలు ఏకధాటిగా జరగలేదు. ఒక ప్రవాహానికీ మరోదానికీ నడుమ వేల ఏళ్ల విరామాలుండేవి. ఆ వ్యవధిలో రాయి మట్టయ్యేది, చెరువులు నిండేవి, చెట్లు మొలిచేవి, మళ్లీ లావా వచ్చి అన్నింటినీ కప్పేసేది. కాలిన మట్టి నల్లరాళ్ల మధ్య ఎర్రటి పట్టీగా మిగిలింది. చెరువుల అడుగు మట్టిలో నత్తలు, చేపల అవశేషాలు నిలిచాయి. ఆసిఫాబాద్ దగ్గర ఇలాంటి పొరలున్నాయి. వికారాబాద్ ప్రాంతంలోని నస్కల్‌లో ఈ పొరల్లోనే దొరికిన చిన్న క్షీరదం దంతాలను జీవీఆర్ ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో వెల్లడించారు. డెక్కనోలెస్టిస్ అన్న పేరు దానిదే.

లావాకన్నా దానితో వెలువడిన వాయువులే ప్రపంచాన్ని ఎక్కువగా కుదిపాయి. గంధక వాయువు గాలిలో సన్నని తుంపరగా మారి ఎండను అడ్డగిస్తుంది, కొన్నేళ్లు చలి పెంచుతుంది. కార్బన్ డయాక్సైడ్ వేల ఏళ్లు నిలిచి వేడి పెంచుతుంది. 1783లో ఐస్‌లాండ్‌లోని లాకి పగులు ఎనిమిది నెలల్లో పారించిన లావా సుమారు 15 ఘనపు కిలోమీటర్లే. తర్వాతి కరువుతో ఆ దేశ జనాభాలో అయిదో వంతు పోయింది. దక్కన్‌లో పారింది లక్షల ఘనపు కిలోమీటర్లు. డైనోసార్ల అంతానికి కొన్ని లక్షల ఏళ్ల ముందు భూమి 2 నుంచి 4 డిగ్రీలు వేడెక్కిందని సముద్రపు అడుగు మట్టి చెబుతోంది. అయితే అంతానికి దక్కన్ ఒక్కటే కారణమనడం తొందరపాటు. మెక్సికోలోని చిక్సులూబ్‌ను గ్రహశకలం ఢీకొన్నదీ ఆ కాలంలోనే, ఎక్కువ మంది శాస్త్రవేత్తలు మొగ్గుతున్నదీ దానివైపే. లావా వాటా ఎంతన్న వాదన మాత్రం తెగలేదు.

ఆదిలాబాద్‌కు ఆ లావా ఇచ్చిన ఆస్తి నల్లరేగడి. బసాల్ట్ చివికి ఏర్పడే బంకమట్టి వానకు ఉబ్బి నీటిని పట్టి ఉంచుతుంది, ఎండకు కాలు దిగబడేంత నెర్రెలిస్తుంది. కాలువ నీళ్లు లేకున్నా పత్తి నిలిచేది ఆ తడితోనే. తాగునీటి సంగతి వేరు. వానలు ఏడాదికి 1000 మిల్లీమీటర్లు మించినా, గట్టి బసాల్ట్‌లో నీరు ఇంకదు. చివికిన పైపొరల్లో, గుల్లరాయిలో, రెండు ప్రవాహాలు కలిసే చోట మాత్రమే నిలుస్తుంది. ఈ నేలలో బోరు వేసేవారు లోతును నమ్ముకోకుండా, ముందు భూగర్భ జలశాఖ వారికి చూపించుకోవడం మేలు.